నా చేతిలోనే ఆరిపోయే పలక

బహుళ అష్టమి. పోటు పగలు మూడింటికి.

నేను ఊళ్లో లేని మూడేళ్లలో మావాళ్లు నా గురించి ఒక తీర్మానం చేసేసుకున్నారు: నాకు కాలు ఒకచోట నిలవదని. మెట్టకి వెళ్లి ఫిజిక్సు డిగ్రీ చేశాను. అక్కడే గాలిమరల కంపెనీలో ఉద్యోగం ఇస్తామంటే వద్దని వెనక్కి వచ్చాను. ఇమడలేక వచ్చేశానని మావాళ్ల లెక్క. "వాళ్లు ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను" అంటే అమ్మ "ఆఁ, అన్నారులే" అంటుంది, జ్వరం వచ్చిన పిల్లని ఊరుకోబెట్టినట్టు. ఇప్పుడు లస్కరు పని అడిగి తీసుకున్నాను. అది పంతమని నాన్న, అలకని పెద్దమ్మ, రెండు నెలల మోజని పెదనాన్న. సముద్రానికి తలుపు తీసి మూసే పని కంటే పెద్ద పని నాకు ఎక్కడా కనబడక వచ్చానని అనుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆఫీసు రిజిస్టరులో గేటు ఎప్పుడు ఎత్తాం, ఎప్పుడు దించాం అన్నదే రాయాలి. మిగతాదంతా రాసుకోవడానికి ఈ నోటుబుక్కు.

మా ఊరు లోకట్ట సముద్రం కంటే రెండు నిలువుల పల్లంలో ఉంది. చుట్టూ కరకట్ట, కట్టకి నాలుగు గేట్లు. నీళ్లు వెనక్కి తగ్గే పాటు వేళ గేటు ఎత్తి ఊళ్లోని వాన నీటిని బయటికి వదలాలి, పోటు పొంగేలోపల దించాలి. గేటుకొక లస్కరు, లస్కరుకొక పలక. చేతిలో పట్టుకుని అద్దం మీద వేలితో గీస్తే గేటు కదులుతుంది. పలక ఆరిపోతే గేటు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఈ పలకలు నా కంటే వయసులో పెద్దవి. కొత్తవి రావు. ఉన్నవాటినే మరమ్మతు చేసుకుంటూ వాడుకోవాలి.

పది రోజుల కిందట పెదనాన్న నాకు పట్టుకడియం కట్టాడు. ఆయన వీరరాఘవులు, నాలుగు గేట్లకీ పెద్ద లస్కరు. పట్టుకడియం అంటే మణికట్టుకి తోలు పట్టీ, నాడి కొట్టే వైపున బొటనవేలంత అయస్కాంతం. గాలి పుంజుకున్నప్పుడు గేటు మీది ఇనుప వంతెన మీద చెయ్యి చాపితే కమ్మీకి టక్కున అతుక్కుంటుంది, మనిషి సముద్రంలో పడకుండా. పెళ్లికూతురికి కంకణం కట్టినంత శ్రద్ధగా కట్టాడు పెదనాన్న. అందరూ అక్షింతలు వేశారు. అమ్మ ఏడ్చింది.

ఇన్నాళ్లూ పక్కన నిలబడి పని నేర్చుకున్నాను, ఇవాళే పలక నా చేతికిచ్చారు. గేటు సగం దిగాక అది ఆరిపోయింది. మీట నొక్కితే వెలిగింది. వెలిగాక గేటు సరిగ్గా ఉందో లేదో తనే చూసుకోవడానికి దానికి నాలుగు నిమిషాలు కావాలి. ఆ నాలుగు నిమిషాలు అయ్యీ కాకుండానే మళ్లీ ఆరింది. అష్టమి పోటు మెత్తన కాబట్టి సరిపోయింది.

బహుళ నవమి. పోటు పగలు నాలుగింటికి.

పొద్దున్న నీళ్ల పడవ నుంచి మూడు బిందెలు దింపుకుని, పలక ముందేసుకుని కూర్చున్నాను. ముందుగా ఛార్జింగు రంధ్రం. ఉప్పు పేరుకుని గచ్చులా ఉంది. పళ్లు తోముకునే బ్రష్షుతో, స్పిరిటు చుక్కలతో అరగంట రుద్దాను. తర్వాత మీట. దాని చుట్టూ జిడ్డు. అదీ తీశాను. పలక రెండు గంటలు నా ఒళ్లో వెలుగుతూనే ఉంది. పెద్దమ్మ వచ్చి ఎండుమిరపకాయలతో దానికి దిష్టి తీసి వెళ్లింది. ఆ ఘాటుకి నేను దగ్గాను, పలక మాత్రం చలించలేదు.

సరే, నయమైందనుకున్నాను.

గేటు దగ్గర మూడుసార్లు ఆరింది. మూడోసారి పెదనాన్న కట్ట మీద నుంచి చూస్తున్నాడు. వచ్చి పలక తీసుకున్నాడు. ఒక్కసారి కూడా రెప్పవేయకుండా గేటు అడుగుదాకా దిగింది.

"చూశావా, బుజ్జగించినట్టు పట్టుకోవాలి" అన్నాడు.

"బుజ్జగించడానికి అదేమన్నా దూడా పెదనాన్నా?"

"నువ్వు దాన్ని పట్టుకునేది దొంగని పట్టుకున్నట్టుంది."

రాత్రి పోటు ఆయనదే. అదే గేటు, అదే పలక. ఆయన చేతిలో ఒక్కసారీ ఆరలేదని రిజిస్టరు చెబుతోంది. ఈ సంగతి నచ్చలేదు నాకు.

బహుళ దశమి. పోటు పగలు నాలుగూముప్పావుకి.

నిన్నటి నుంచి ఆరిన ప్రతిసారీ రాస్తున్నాను: ఎక్కడ నిలబడ్డాను, ఎండా వానా, బ్యాటరీ ఎంత, ఎలా పట్టుకున్నాను. నా అరచెయ్యే మీటని నొక్కుతోందేమోనన్న అనుమానం వచ్చి, మీట మీద సీసా మూత బోర్లించి లక్కతో అతికించాను. అయిదుసార్లు ఆరింది. మూత చెక్కుచెదరలేదు.

అయిదోసారికి పోటు ముందే వచ్చేసింది. గేటు కింద జానెడు సందు. అందులోంచి ఉప్పు నీరు బుసకొడుతూ లోపలికి వచ్చింది. ఆ సందు మూసేసరికి కాలవలో మోకాలి లోతు పెరిగింది. కాలవకి పక్కనే ఊరు మొత్తానికి పోసిన నారుమళ్లు. వాటి గట్లు ఇంకో మూరెడు ఎత్తున్నాయి కాబట్టి బతికిపోయాం. అమావాస్య పోటుకి ఇలా జరిగితే ఆ మూరెడు ఒక లెక్కలోది కాదు. ఈ ఏడు వరి ఉండదు.

వాన నీటి కొలతలు చూడ్డానికి సర్కిల్ ఆఫీసు నుంచి ఇంజనీరు నఫీసా గారు పడవలో వచ్చారు. పలక విప్పి మీటరు పెట్టి చూశారు.

"బ్యాటరీ ఉబ్బలేదు. తీగలు గట్టిగానే ఉన్నాయి. ఏదీ, నేను చూస్తా" అని గేటు నాలుగుసార్లు ఎత్తించి దించారు. ఆరలేదు. నాకిచ్చారు. మూడో నిమిషంలో ఆరింది.

ఆడవాళ్ల చేతిలో పలక నిలవదని కట్ట మీద అప్పటికే గొణుగుతున్న ఇద్దరు ముసలాళ్లకి మాట పడిపోయింది. నఫీసా గారూ ఆడదే కదా. ఓ క్షణం ఆలోచించి, "ఈ పిల్ల చెయ్యి" అని సవరించుకున్నారు.

"చెమట ఎక్కువా నీకు?" అన్నారు మేడమ్. నూలు తొడుగు వేసుకున్నాను. ఆరింది. "మోటారు దగ్గరికిగానీ, అయస్కాంతం దగ్గరికిగానీ తీసుకెళ్తున్నావా?"

"కడియం ఉంది మేడమ్. కానీ నలుగురు లస్కర్లకీ ఉంది. వాళ్లవి ఆరట్లేదు."

"అవునులే" అన్నారామె. నేనూ ఆ వరుస కొట్టేశాను. ఫిజిక్సు చదివినదాన్నని ఇక్కడ గుర్తుచేసుకోవడం లేదు.

బహుళ ఏకాదశి. పోటు పగలు అయిదున్నరకి.

మూడో గేటు అబ్రహామన్నతో పలక మార్చుకున్నాను. ఆయన పలక నా చేతిలో, నా పలక ఆయన చేతిలో. పోటు అయ్యేదాకా నా పలక ఆయన దగ్గర బుద్ధిగా ఉంది. ఆయనది నా దగ్గర రెండుసార్లు ఆరింది.

"తొమ్మిదేళ్లయింది అది నాకు అంటగట్టి. ఎన్నడూ ఇట్టా మూర్ఛపోలేదమ్మా" అన్నాడు, తిరిగి తీసుకుంటూ. నా మొహం చూసి, "సిగ్గుపడి ఉంటదిలే, కొత్తమనిషివని" అన్నాడు. నవ్వించాలని. నవ్వు రాలేదు నాకు. పలకలో లోపం లేదని తేలిపోయింది. ఇక మిగిలింది నేను.

ఇంటికొచ్చేసరికి పెదనాన్న అరుగు మీద ఉన్నాడు.

"ఇది పలక సంగతి కాదమ్మాయ్. అమావాస్య పోటు మనకోసం ఆగదు. చతుర్దశినాడు కట్ట సంఘాన్ని కూర్చోబెడుతున్నాను. నాలుగో గేటు వేరేవాళ్లకి ఇచ్చేద్దాం. నీకు నామోషీ లేకుండా నేను చెప్తాలే, ఒంట్లో బాగాలేదని."

"నా ఒంట్లో బాగానే ఉంది."

"అలా అంటే మంచిదని చెబుతున్నా. ఇందులో నీ తప్పేం లేదు. మనింటి ఆడపిల్లల చేతికి పలక నిలవదు. మీ అత్తకీ ఇంతే కదా."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ వింటోంది.

"అత్తకా? అత్త గేటు మీద పనిచేసిందా?"

"ఏదో, ఓ పంతొమ్మిది రోజులు" అన్నాడు పెదనాన్న. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఎవరికీ పని లేని వేళ ఆయనకి మాత్రం ఎక్కడో పనుంటుంది.

బహుళ ద్వాదశి. పోటు ఉదయం ఆరుంబావుకి.

పోటు ముగిశాక లస్కర్ల గది అటక ఎక్కి పాత రిజిస్టర్లు దింపాను. పదకొండేళ్ల కిందటిది దొరికింది. నాలుగో గేటు. మా కోటమ్మత్త దస్తూరీ. గుండ్రటి అక్షరాలు, ఒత్తులు జాగ్రత్తగా. "పలక ఆరెను." "పలక రెండు పర్యాయములు ఆరెను." "పలక ఆరెను, చేతి చక్రముతో దించడమైనది." పంతొమ్మిది రోజులు. చేతి చక్రం తిప్పాలంటే ఇద్దరు మగాళ్లకి ముప్పావుగంట పడుతుంది. ఆమె ఒక్కతే తిప్పింది, తొమ్మిదిసార్లు.

చివరి వరుస పెదనాన్న రాత. "ఈమె చేతికి పలక నిలవనందున తొలగించడమైనది."

ఆ తర్వాత నా పేరు వచ్చేదాకా ఏ రిజిస్టరులోనూ ఆడ పేరు లేదు.

అత్త ఇప్పుడు రేవు దాటించే పడవ నడుపుతుంది. నాకు తెలిసినప్పటి నుంచీ ఆమె పలక ముట్టుకోవడం చూడలేదు. రేవు హాజరు వేయాలన్నా పడవెక్కిన వాళ్లనెవరినో "కాస్త నొక్కి పెట్టమ్మా" అంటుంది. చదువు రాదేమో అనుకునేదాన్ని. ఒత్తులు అంత జాగ్రత్తగా రాసే మనిషిని.

పడవెక్కి రిజిస్టరు చూపించాను. అత్త గెడ ఆపలేదు.

"అదెక్కడ తవ్వావే?"

"నాకెందుకు చెప్పలేదత్తా?"

"ఏమని చెప్పను? నా చెయ్యి తగిలితే వెలిగేది ఆరిపోద్దనా? పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి ఊళ్లోవాళ్లే చెప్పారు, నన్నెందుకు చెప్పమంటావు?" మామూలుగా అంది, చేపల ధర చెప్పినట్టు. గెడ ఇంకో పోటు వేసి, "నువ్వు లస్కరు పని తీసుకున్నావని విని, ఆ రోజు పడవ తియ్యలేదు నేను. భయమేసింది" అంది.

"ఇంట్లో కూడా ఆరేదా?"

"ఇంట్లోనా? లేదే. రాత్రిళ్లు ఒళ్లో పెట్టుకుని నేర్చుకునేదాన్ని. గేటు మీదికి వెళ్తేనే దానికి పోయేకాలం."

నాది కూడా ఒళ్లో రెండు గంటలు వెలిగింది. అయితే మా చేతులది కాదు తప్పు. గేటు దగ్గర మా మీద ఉండేది, ఇంట్లో ఉండనిది ఏదో ఉంది. పడవలోనే రాసుకున్నాను: చెప్పులు, తాటాకు టోపీ, కడియం. కడియం దగ్గర మళ్లీ అదే అడ్డం. అందరికీ ఉన్నదే.

బహుళ త్రయోదశి. పోటు ఉదయం ఏడింటికి.

చెప్పుల్లేకుండా, టోపీ లేకుండా గేటు దించాను. నాలుగుసార్లు ఆరింది. నా చేతుల మీద పెదనాన్న చూపు పడుతోంది. రేపు సంఘం.

తొమ్మిదింటికి ఇంటికొచ్చి, కడియం విప్పి, పలక చాప మీద పడేసి గోడకి చేరబడ్డాను. నాన్న పడవకి తెరచాప కుడుతోంది అమ్మ. సూది జారిపోయింది. వెతికింది. దొరకలేదు.

"ఆ కడియం ఇలా ఇయ్యి."

కడియం చాప మీద అటూ ఇటూ తిప్పింది. లోకట్టలో ఏ ఇంట్లోనైనా సూది పోతే అంతే. సూది వచ్చి అతుక్కుంది. దాంతోపాటు ఎప్పుడో పోయిన ఇంకో సూది, పెద్దమ్మ జడపిన్ను. అమ్మ సంబరపడి, సూదులు ఊడదీసుకుని, కడియాన్ని పక్కనే ఉన్న పలక మీద పెట్టింది.

పలక ఆరిపోయింది.

"నేనేం చెయ్యలేదమ్మా. పెట్టానంతే" అంది అమ్మ, రెండు చేతులూ పైకెత్తి.

"తియ్యి."

తీసింది. వెలిగింది.

"పెట్టు."

ఆరింది.

"అక్కడ కాదు, కుడి మూల పెట్టు." ఆరలేదు. "పైన పెట్టు." ఆరలేదు. "మొదట పెట్టినచోట." ఆరింది. ఎడమ వైపు అంచు, కింది మూల నుంచి నాలుగు వేళ్ల ఎత్తున. ఇరవై ఒక్కసార్లు పెట్టించాను, ఇరవై ఒక్కసార్లూ ఆరింది. పన్నెండోసారికి అమ్మ "తెరచాప నువ్వు కుడతావా మరి" అంది గానీ, లేచి వెళ్లలేదు. పదిహేనోసారికి ఆమే "ఇప్పుడు తీస్తున్నా చూడు" అని ముందుగా చెప్పడం మొదలుపెట్టింది.

గేటు గది రేడియోలో నఫీసా గారిని అడిగాను. ఆ పలకలు తయారైన కాలంలో వాటికి అట్టలుండేవని, అట్టలో చిన్న అయస్కాంతం పెట్టేవాళ్లని, అట్ట మూయగానే పలక నిద్రపోయేదని చెప్పారు. మన ఉప్పుగాలికి అట్టలు నలభై ఏళ్ల కిందటే పోయాయి. పలక మాత్రం ఎవరో తన అట్ట మూశారనుకుంటూనే ఉంది.

బాగుంది. కానీ అబ్రహామన్న పలకకి ఎందుకలా అనిపించదు?

పరుగున మూడో గేటుకి వెళ్లాను. "అన్నా, గేటు దించుతున్నట్టు నిలబడు."

"అయిపోయింది కదమ్మా పోటు."

"ఊరికే నిలబడు."

నిలబడ్డాడు. ఎడమచెయ్యి పలక కింద, పలక బరువంతా మణికట్టు మీద. కుడిచేతి వేలు అద్దం మీద. అందరం అలాగే పట్టుకుంటాం. ఆయన కడియం కుడి మణికట్టుకి ఉంది, పలకకి జానెడు దూరంలో గాల్లో.

"కడియం కుడిచేతికి ఎందుకు కట్టుకున్నావు?"

"నేనెక్కడ కట్టుకున్నాను, మీ పెదనాన్నే కట్టాడు. మగోడికి కుడిచేతికే కదా కడతారు?" అని, నా చేతి వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను.

మగవాళ్లకి కుడిచేతికి, ఆడవాళ్లకి ఎడమచేతికి. కంకణానికి ఎవరూ ఆలోచించరు, చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. పెదనాన్న చెయ్యీ అలాగే వెళ్లింది. నేనూ చెయ్యి చాపి కట్టించుకున్నాను, అక్షింతలు వేయించుకుని మరీ. అయస్కాంతం తెచ్చి సరిగ్గా పలక నిద్రపోయే చోటు కింద పెట్టుకుని, వారం నుంచీ ఎందుకు నిద్రపోతోందని లెక్కలు రాస్తున్నాను.

రేవుకి వెళ్లాను. అత్త పడవ నీళ్ల మధ్యలో ఉంది, అందులో ఆరుగురు. కట్ట మీద నుంచే అరిచాను.

"అత్తా, నీకు కడియం ఏ చేతికి కట్టారు?"

"ఏం ప్రశ్నే అది? ఆడదానికి ఏ చేతికి కడతారు?"

"ఏ చేతికత్తా?"

"ఎడమచేతికే."

చెప్పాను. పడవలో ఆరుగురూ విన్నారు. అత్త గెడ నీళ్లలోనే ఉండిపోయింది. పడవ దానంతటదే ఓ చుట్టు తిరిగింది. "రేవు దాటించవేమే" అని ఎవరో అంటే, "ఉండండి" అంది. పదకొండేళ్లలో ఆమె ప్రయాణికులని ఆపడం అదే మొదలు అయ్యుంటుంది.

బహుళ చతుర్దశి. పోటు ఉదయం ఎనిమిదింటికి.

కడియం లస్కర్ల గదిలో వదిలి, నడుముకి తాడు కట్టుకుని గేటు దించాను. ఆరలేదు. పలక చేతికొచ్చాక నేను ఒక్క ఊపులో దించిన మొదటి గేటు ఇదే.

మధ్యాహ్నం రెండింటికి, పాటు వేళ, సంఘం గేటు దగ్గరే కూర్చుంది. అయిదుగురు పెద్దలు, ఓ మూలగా నఫీసా గారు, కట్ట మీద సగం ఊరు. పెదనాన్న లేచి, గొంతు సవరించుకుని, "అమ్మాయికి ఒంట్లో" అన్నాడు.

"ఒంట్లో బాగానే ఉంది" అని పలక తీసుకెళ్లి ఆయనకి ఇచ్చాను. "పెదనాన్నా, ఒక్కసారి నీ కడియం ఎడమచేతికి మార్చుకుని గేటు ఎత్తు."

"ఎడమచేతికా? ఎందుకు?"

"మారిస్తే నేను ఇంకేం మాట్లాడను."

విసుగ్గానే మార్చాడు. పలక ఎడమచేతిలోకి తీసుకున్నాడు. వేలు పెట్టాడు. గేటు కదిలింది. రెండు మూరలు లేచింది. పెదనాన్న నా వైపు చూశాడు, ఇంకేంటి అన్నట్టు. పలకని సర్దుకుని మణికట్టు మీదికి దింపుకున్నాడు.

ఆరిపోయింది. గేటు గాల్లో ఆగిపోయింది.

ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసులో ఆయన చేతిలో పలక ఆరడం అదే మొదటిసారి. మీట నొక్కాడు. మళ్లీ ఆరింది. బుజ్జగించినట్టే పట్టుకున్నాడు. మళ్లీ ఆరింది. కట్ట మీద ఎవరో నవ్వారు. ఎవరో "ఆయన చేతికీ నిలవట్లేదర్రా" అన్నారు. నేను సూదుల సంగతి దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. పాత రిజిస్టరు తెరిచి కోటమ్మత్త పంతొమ్మిది రోజులూ చదివాను. పెదనాన్న రాసిన వరుస కూడా చదివాను.

చివరికి సంఘం పెద్ద సుబ్బరాయుడు గారికి ఒక సందేహం వచ్చింది. "అంతా బాగానే ఉంది గానీ, ఆడపిల్లకి కుడిచేతికి కడితే పద్ధతేనా?"

"ఇది పెళ్లి కాదండీ. పనిముట్టు. గొడ్డలి ఏ చేత్తో పట్టుకోవాలని పురోహితుణ్ణి అడగం కదా."

"కట్టేదెవరు మరి? పెద్ద లస్కరు కట్టాలి."

పెదనాన్న తన కడియమే విప్పుకోవడం మర్చిపోయి, ఎడమచేతిని చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయన కోసం కాసేపు ఆగాను. తర్వాత నేనే కట్టుకున్నాను, కుడిచేతికి, పట్టీ కొస పళ్లతో లాగి.

రేపటి పోటుకి నాలుగో గేటు నాదేనని సంఘం చెప్పింది. చేతి చక్రం దగ్గర ఇద్దరు మనుషుల్ని కూడా నిలబెడతారట, ఎందుకైనా మంచిదని. నిలబెట్టుకోమన్నాను.

అమావాస్య. పోటు ఉదయం ఎనిమిదీముప్పావుకి.

తెల్లారేటప్పటికే వాన. ఊళ్లో నీరు నారుమళ్ల గట్లదాకా ఉంది. గేటు ముందే దించేస్తే వాన నీటికి నారు మునుగుతుంది, ఆలస్యమైతే ఉప్పు నీటికి చస్తుంది. చివరి నిమిషందాకా వదులుతూ ఉండి, ఒక్క ఊపులో దించాలి. తెల్లవారుజామున మూడింటికి సముద్రం వెనక్కి పోవడం ఆపింది. అది పొంగుతూ పొంగుతూ ఆరింటికి లోపలి నీటికి సమమైంది, గేటు కింద నీళ్లు ఎటూ కదలకుండా నిలబడ్డాయి. ఆ నిలకడ కోసమే చూస్తున్నాను.

అత్తని వంతెన మీదికి రమ్మన్నాను. ఓ పాత తోలు పట్టీకి ఇంకో అయస్కాంతం బిగించి, ఆమె కుడిచేతికి కట్టాను.

"వద్దే. ఇవాళ కాదు. నారు పోద్ది."

"నువ్వు పట్టుకో. నేను పక్కనే ఉంటాను. ఆరితే చేతి చక్రం దగ్గర ఇద్దరున్నారు, నువ్వు ఒక్కదానివే తిప్పినదాన్ని వాళ్లు తిప్పలేరా?"

పలక ఆమె ఎడమచేతిలో పెట్టాను. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు, మణికట్టంతా ఆనించి పట్టుకుంది. వేలు పెట్టింది. గేటు దిగడం మొదలైంది. అప్పుడే గాలి కొట్టింది. ఇద్దరం కుడిచేతులు చాపాం. రెండు కడియాలూ కమ్మీకి టక్కున పట్టుకున్నాయి. గాలి జోరు తగ్గేదాకా గేటు ఆగింది, అత్త వేలు తీసింది కాబట్టి. పలక మాత్రం వెలుగుతూనే ఉంది, వానచినుకుల కింద, ఆమె మొహం మీద వెలుతురు వేస్తూ. మళ్లీ వేలు పెట్టింది. సగం. ముప్పావు. జానెడు. బెత్తెడు. అడుగున గచ్చుకి గేటు తగిలిన చప్పుడు నా అరికాళ్లకి తెలిసింది.

ఆరూపన్నెండు. చుక్క లోపలికి రాలేదు.

ఎనిమిదీముప్పావుకి సముద్రం గేటుకి అవతల మా తలల ఎత్తున నిలబడి, ఏమీ చేయలేక చాలాసేపు చూసింది. అత్త పలక వదల్లేదు. "ఆర్లేదే" అంది. ఓ పదిసార్లు అనుంటుంది, ఒక్కోసారి ఒక్కోలా. చేతి చక్రం దగ్గరి ఇద్దరూ బీడీ వెలిగించుకుని, "మమ్మల్ని ఎందుకు తడిపారు మరి" అని తిట్టుకుంటూ వెళ్లారు. కట్ట దిగుతుంటే అబ్రహామన్న అత్తకి ఎదురై, తొమ్మిదేళ్ల పరిచయంలో మొదటిసారి ఆమెని "లస్కరు గారూ" అన్నాడు. అత్త అతన్ని ఓ మాట తిట్టింది. చాలా సంతోషంగా తిట్టింది.

సాయంత్రం రిజిస్టరు ఇంటికి తెచ్చుకుని, ఎప్పటిలాగే పెన్సిలుతో రాశాను. గేటు దించిన వేళ. దించినది కోటేశ్వరమ్మ, హైమవతి. అంటే అత్త, నేను. దాని కింద అష్టమి నుంచి త్రయోదశిదాకా ఆరు రోజుల లోపానికి కారణం: "పట్టుకడియం ఎడమచేతికి కట్టుట. కట్టినది పెద్ద లస్కరు. ఇదే కారణమున పదకొండేళ్ల కిందట కోటేశ్వరమ్మను తప్పుగా తొలగించడమైనది. పలకలో లోపము లేదు. ఆమె చేతిలో లోపము లేదు." సంతకం పెట్టాను.

దీపాలు పెట్టే వేళకి పెదనాన్న వచ్చి చదివాడు. ఆయన మంచివాడు. నాకు నామోషీ లేకుండా చూడాలని నిజంగానే అనుకున్నాడు. ఇప్పుడు తనకి లేకుండా చూడమంటున్నాడు.

"పలక లోపం అని రాస్తే సరిపోయేది కదమ్మాయ్. అదీ అబద్ధం కాదుగా, పాత పలకలే కదా. నాకు ఇంకో రెండేళ్లు సర్వీసుంది. మీ అత్తకి నేను చెప్పుకుంటాలే, ఇంట్లో."

"ఆమెని తీసేసింది ఇంట్లో కాదు పెదనాన్నా."

అమ్మ గుమ్మంలో నిలబడి, "పోనీలేవే, పెద్దాయన" అంది. పెద్దమ్మ ఇటు వైపే చూస్తోంది. చెరిపే రబ్బరు బల్ల మీదే ఉంది. అందరికీ కనబడుతోంది.

నేను రాసింది దిద్దను. రేపు పొద్దున్న పడవలో రిజిస్టరు సర్కిల్ ఆఫీసుకి వెళ్తుంది.